రోజు ఎప్పుడు మొదలవుతుంది? ఆసుపత్రికీ దుకాణానికీ ప్రార్థనకూ సాఫ్ట్‌వేర్ రాసేవారి అసలు చిక్కు

ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లో రోజు అర్ధరాత్రి మారుతుంది. వార్డుల్లో ఎంతమంది ఉన్నారని లెక్కతీసేది చాలాచోట్ల ఆ వేళకే. పన్నెండుకు ఐదు నిమిషాల ముందు చేరిన రోగికీ, పన్నెండు దాటిన ఐదు నిమిషాలకు చేరిన రోగికీ తేడా పది నిమిషాలే అయినా బిల్లులో అది ఒక రాత్రి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ 2013 అక్టోబరు నుంచి ఏకంగా రెండు అర్ధరాత్రుల నియమమే పెట్టింది. రోగి రెండు అర్ధరాత్రులు దాటేదాకా ఆసుపత్రిలో ఉండాల్సి వస్తుందని డాక్టరు అంచనా వేస్తే ఇన్‌పేషెంట్, లేకుంటే సాధారణంగా అవుట్‌పేషెంట్. రోగి కట్టాల్సిన డబ్బు దాన్నిబట్టి మారిపోతుంది.

దుకాణానికి అర్ధరాత్రితో పనిలేదు. క్యాష్ లెక్క తేల్చి, డే క్లోజ్ కొట్టినప్పుడే అక్కడ రోజు ముగుస్తుంది. రాత్రి రెండింటి దాకా తెరిచి ఉండే చోట ఒంటిగంటకు కొట్టిన బిల్లు నిన్నటి అమ్మకంలోకే వెళ్తుంది. యూదులకూ ముస్లింలకూ రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. పంచాంగం సూర్యోదయాన్ని పట్టుకుంటుంది. అంటే ఒకే క్షణానికి మూడు నాలుగు తేదీలు ఉండొచ్చు, అన్నీ సరైనవే.

ఒక సంస్థ తన అవసరానికి తగ్గట్టు రాయించుకునే కస్టమ్ సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడేటప్పుడు చర్చంతా ఏ భాషలో రాయాలి, ఏ క్లౌడ్‌లో పెట్టాలి అన్నవాటి చుట్టూ తిరుగుతుంది. అవి తేలిగ్గా తేలే ప్రశ్నలు. ప్రాజెక్టులు మునిగేది మాటల అర్థాల దగ్గర. రోజు అంటే ఏమిటి, స్టాక్ అంటే ఏమిటి, రోగి అంటే ఎవరు, ఆ అర్థం చెప్పే హక్కు ఎవరిది? ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపించే వైద్యం, చిల్లర వ్యాపారం, మతాచారం ఈ మూడూ ఇక్కడ ఒకే గాటన కట్టాల్సినవి.

సంవత్సరం సంగతే చూడండి. అమెరికా రిటైల్ రంగంలో 4-5-4 క్యాలెండర్ అని ఒకటి వాడతారు. మొదటి నెలకు నాలుగు వారాలు, రెండో నెలకు ఐదు, మూడో నెలకు మళ్లీ నాలుగు, ఏడాదంతా ఇదే వరుస. పోయినేడాది ఇదే వారంతో ఈ ఏడాది అమ్మకాలు పోల్చుకోవాలంటే రెండింటిలోనూ శనాదివారాలు సమానంగా ఉండాలి, మామూలు నెలలతో ఆ పోలిక కుదరదు. కాకపోతే 52 వారాలంటే 364 రోజులే. మిగిలిన రోజు, లీపు సంవత్సరమైతే రెండు రోజులు, పోగుపడి ఐదారేళ్లకోసారి 53వ వారంగా తేలతాయి. 2023 అలాంటి ఏడాదే. అధిక మాసం లాగా ఇది అధిక వారం అన్నమాట. ఈ వారాన్ని ఊహించకుండా రాసిన రిపోర్టులో మరుసటి ఏడాది ప్రతి వారమూ ఒక వారం పక్కకు జరిగిన అమ్మకాలతో పోల్చుకుంటుంది. వ్యాపారం పెరిగిందో తగ్గిందో తెలియని టెన్షన్ మేనేజర్లకు.

గడియారం కూడా నమ్మదగింది కాదు. వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే డేలైట్ సేవింగ్ పాటించే దేశాల్లో శరదృతువులో ఒక రాత్రి గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. అమెరికాలో ఒంటిగంటన్నర ఆ రాత్రి రెండుసార్లు వస్తుంది. ఐసీయూలో మొదటి ఒంటిగంటన్నరకు చూసిన రక్తపోటు ఏది, రెండోసారి చూసింది ఏది? అమెరికాలో కొన్ని ఆసుపత్రులు ఆ గంట సేపు కంప్యూటర్ రికార్డు ఆపేసి కాగితం మీద రాసుకున్న సందర్భాలు ఉన్నాయి. డేటాబేస్‌లో ఎక్కడైనా ఒకేలా ఉండే ప్రపంచ సమయం (యూటీసీ) దాచి, తెర మీద స్థానిక సమయం చూపిస్తే సరిపోతుందని ప్రతి ప్రోగ్రామరుకూ తెలుసు. మొదటి రోజు నుంచీ అలా చేసినవారికే అది సరిపోతుంది.

సూర్యుడు దిగని రాత్రి

మతాచారానికి రాసే సాఫ్ట్‌వేర్‌ను చాలామంది తేలికగా తీసుకుంటారు. ప్రార్థన వేళలు చూపించే యాప్ అంటే వారాంతంలో రాసిపడేసే పనని అనుకుంటారు. లోపలికి దిగితే, మూడు రంగాల్లోనూ నియమాలు ఇంత స్పష్టంగా, ఇన్ని రకాలుగా ఉన్నది ఇక్కడే.

తెల్లవారుజామున చదివే ఫజ్ర్ నమాజు వేళ సూర్యుడు క్షితిజానికి ఎంత దిగువన ఉన్నాడన్న దాన్నిబట్టి ఉంటుంది. ఆ 'ఎంత' దగ్గరే తేడాలు. ముస్లిం వరల్డ్ లీగ్ అనే సంస్థ లెక్కలో 18 డిగ్రీలు, ఉత్తర అమెరికాలో ఎక్కువగా వాడే లెక్కలో 15, ఈజిప్టు లెక్కలో 19.5. సూర్యుడు ఒక డిగ్రీ జరగడానికి భూమధ్యరేఖ దగ్గరే కనీసం నాలుగు నిమిషాలు పడుతుంది, పైకి పోయేకొద్దీ ఇంకా ఎక్కువ. ఉపవాస మాసమైన రంజాన్‌లో తెల్లవారుజామున భోజనం ముగించాల్సిన సమయం దీనిమీదే ఆధారపడుతుంది కాబట్టి పదిహేను నిమిషాల తేడాను ఎవరూ చిన్నదిగా చూడరు. మధ్యాహ్నం తర్వాతి అస్ర్ వేళ విషయంలోనూ అంతే. మిట్టమధ్యాహ్నపు నీడను పక్కనపెడితే, వస్తువు నీడ ఆ వస్తువంత పొడవైనప్పుడు అస్ర్ మొదలవుతుందని కొన్ని సంప్రదాయాలు, రెట్టింపైనప్పుడని హనఫీ సంప్రదాయం.

ఇక్కడిదాకా సెట్టింగుల్లో పెట్టేస్తే అయిపోతుంది. అసలు పరీక్ష లండన్ అక్షాంశం దగ్గర వస్తుంది. జూన్ నెలాఖరులో అక్కడ సూర్యుడు అర్ధరాత్రి వేళ కూడా క్షితిజానికి సుమారు 15 డిగ్రీలే దిగుతాడు. 18 డిగ్రీల చీకటి ఆ రాత్రుల్లో రానే రాదు. సూత్రంలో కోణాన్ని లెక్కగట్టే ఆర్క్ కొసైన్‌కు హద్దు దాటిన విలువ వెళ్తుంది, ప్రోగ్రాం ఖాళీ గడి చూపిస్తుంది, లేదా ఆగిపోతుంది. రాత్రిని ఏడు భాగాలు చేసి చివరి భాగం నుంచి ఫజ్ర్ అనడం, రాత్రిని సగానికి విడగొట్టడం, దగ్గర్లో చీకటిపడే అక్షాంశపు వేళలు అరువు తెచ్చుకోవడం, ఇలా పండితులు చెప్పిన మార్గాలు చాలా ఉన్నాయి. వాటిలో ఏది ఎంచుకోవాలన్నది ధర్మశాస్త్ర నిర్ణయం. ప్రోగ్రామరు ఒకదాన్ని డిఫాల్టుగా పెట్టాడంటే తెలియకుండానే ఫత్వా ఇచ్చినట్టే. సెట్టింగుల పేజీ తెరిచి చూసేవారు ఎంతమంది ఉంటారు కనుక!

యూదుల క్యాలెండర్లో 19 ఏళ్లకు ఏడు అధిక మాసాలు. అధిక మాసం వచ్చిన ఏడాది అదార్ నెల రెండుసార్లు వస్తుంది. మామూలు ఏడాది అదార్‌లో పోయినవారి వర్ధంతిని ఆ ఏడాది ఏ అదార్‌లో జరపాలన్న విషయంలో ఆచారాలు వేరువేరు. గుర్తుచేసే ప్రోగ్రాం రాసేవారు ఆ కుటుంబం ఏ ఆచారం పాటిస్తుందో అడిగి, జవాబును డేటాబేస్‌లో ఒక కాలమ్‌గా దాచుకోవాల్సిందే. ఇక తిథి అంటే సూర్యచంద్రుల మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగేంత కాలం. అది సుమారు 19 నుంచి 26 గంటల దాకా సాగుతుంది. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకు ఆ పేరు కనుక ఒక తిథి రెండు రోజులు పట్టవచ్చు, ఇంకొకటి ఏ సూర్యోదయాన్నీ తాకకుండా జారిపోవచ్చు. సూర్యోదయం వేరైన రెండు ఊళ్లలో ఒకే పండుగ రెండు తేదీల్లో పడవచ్చు. పండుగల టేబుల్‌లో పేరు, తేదీ అని రెండు కాలమ్‌లు పెట్టుకున్న డిజైన్ అక్కడే కూలిపోతుంది. దాచుకోవాల్సింది నియమాన్ని. దానికి స్థలం జోడించి తేదీని ప్రతిసారీ లెక్కగట్టుకోవాలి.

వ్యాపారం, ఆచారం కలిసే చోట ఇంకో ముచ్చట. న్యూయార్క్‌లోని బి అండ్ హెచ్ కెమెరా దుకాణం యూదుల వారపు విశ్రాంతి దినం షబ్బాత్ పాటిస్తుంది. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం దాకా దాని వెబ్‌సైట్‌లో వస్తువులు చూడొచ్చు, ఆర్డరు మాత్రం పెట్టలేరు. కొనేవాడు ఎక్కడున్నా న్యూయార్క్ సూర్యాస్తమయమే లెక్క. కొనేవాడి సూర్యుడా, సర్వరున్న చోటి సూర్యుడా, యజమాని సూర్యుడా అన్న ప్రశ్నకు జవాబిచ్చాకే చెకౌట్ బటన్‌ను ఆపే కోడ్ రాయగలరు. అమ్మకాలు పెంచడమే పనిగా తయారైన రెడీమేడ్ ప్యాకేజీల్లో ఇలాంటి మీట ఉంటుందని ఆశించలేం.

ఖాళీ గడికి ఎన్ని అర్థాలు

రోజు తర్వాత ఇబ్బందిపెట్టేది సున్నా, దాని తమ్ముడు ఖాళీ గడి.

రోగి రికార్డులో 'మందుల అలర్జీ' అన్న గడి ఖాళీగా ఉంది. అలర్జీలు లేవనా, ఎవరూ అడగలేదనా? రెండింటినీ ఒకేలా దాచిన సాఫ్ట్‌వేర్ ప్రాణాల మీదికి తెస్తుంది. బాగా ఆలోచించి కట్టిన వ్యవస్థల్లో 'లేవని నిర్ధారించారు', 'అడగలేదు', 'రోగి చెప్పే స్థితిలో లేడు' అని వేర్వేరు విలువలు ఉంటాయి. కొలమానాలతో ఇంకో తిప్పలు. రక్తంలో చక్కెరను కొన్ని దేశాల్లో డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో, కొన్నిచోట్ల లీటరుకు మిల్లీమోల్స్‌లో చెప్తారు. రెండింటికీ 18 రెట్ల తేడా. అక్కడ 100 అయితే ఇక్కడ 5.6. కొలమానం చెప్పకుండా అంకె ఒక్కటే పంపితే దానికి అర్థం లేదు.

దుకాణంలో అదే సున్నా వేరే వేషంలో వస్తుంది. మూడు వారాలుగా ఒక వస్తువు అమ్మకాలు సున్నా. ఎవరికీ అక్కర్లేకనా, అరలో సరుకే లేకనా? అమ్మకాల డేటా మీదే అంచనాలు కట్టే మోడల్ దీన్ని గిరాకీ లేకపోవడంగా చదువుకుని ఆర్డరు తగ్గిస్తుంది. సరుకు ఇంకా రాదు, సున్నా ఇంకా సాగుతుంది. కంప్యూటర్లో మాత్రం స్టాకు నాలుగు అని ఉంటుంది. ఒకే ధరకు దొరికే మూడు రుచుల్లో ఒకదాన్నే మూడుసార్లు స్కాన్ చేసిన క్యాషియరు అలవాటు ఫలితం అది. డబ్బు లెక్క సరిపోతుంది, స్టాకు లెక్క మాత్రం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్ మీది బార్‌కోడ్‌ను తొలిసారి స్కాన్ చేసినప్పటి నుంచీ ఈ తలనొప్పి ఉంది. 2008లో అచ్చయిన ఒక అధ్యయనం ఒకే రిటైలర్‌కు చెందిన 37 దుకాణాల్లో దాదాపు 3,70,000 స్టాకు రికార్డులు పరిశీలిస్తే 65 శాతం తప్పుల తడకలే. కొత్త మోడల్ కొనే ముందు ఒక రాత్రి కూర్చుని అరలు లెక్కపెట్టించడం మేలు. కానీ ఆ మాట ప్రజెంటేషన్‌లో అందంగా కనిపించదు.

మూడో సున్నా ప్రార్థన యాప్‌లది. వరుసగా ఎన్ని రోజులు ప్రార్థించారో లెక్క చూపించే 'స్ట్రీక్' చాలా యాప్‌లలో ఉంది. ఆటల యాప్‌ల నుంచి తెచ్చిపెట్టిన అలవాటు ఇది. ఇస్లాంలో నెలసరి రోజుల్లో స్త్రీలకు నమాజు లేదు. జబ్బు చేసినవారికీ ప్రయాణంలో ఉన్నవారికీ ఉపవాసం నుంచి సడలింపు ఉంది. మతం తప్పుగా ఎంచని రోజును యాప్ తప్పిన రోజుగా చూపించి వరుసను సున్నాకు తెచ్చేస్తుంది. మినహాయింపు రోజులు గుర్తుపెట్టే వీలు కొన్ని యాప్‌లలో తర్వాత వచ్చింది. ఆ వీలు మొదట్లోనే లేదంటే, డిజైన్ గదిలో ఆ విషయం తెలిసినవారిని ఎవరూ అడగలేదని అర్థం.

ఒకదాన్ని కొలవడం కష్టమైతే దానికి బదులు దగ్గరగా కనిపించే ఇంకోదాన్ని కొలవడం ఇంకో అలవాటు. దీని ఫలితం ఎంత దూరం పోతుందో 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. అమెరికాలో అదనపు వైద్య సాయం ఎవరికి కావాలో చెప్పే ఒక అల్గారిథమ్ జబ్బు తీవ్రతకు బదులు వైద్య ఖర్చును అంచనా వేసేది. అంతే జబ్బుతో ఉన్నా నల్లజాతి రోగుల మీద అయ్యే ఖర్చు తక్కువ కాబట్టి వాళ్లు ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క తేలేది. ఆ తేడా సరిదిద్దితే అదనపు సాయానికి ఎంపికయ్యే నల్లజాతి రోగుల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. కోడ్‌లో బగ్ ఏమీ లేదు. ఖర్చును జబ్బుగా చదువుకోవడం దగ్గరే పొరపాటంతా.

సొంతంగా రాయించుకోవాలా

ఇన్ని తేడాలుంటే అన్నీ సొంతంగా రాయించుకోవడమే దారి అనిపిస్తుంది. అక్కడ ఆగాలి.

జర్మనీ సూపర్‌మార్కెట్ సంస్థ లిడ్ల్ 2011లో మొదలుపెట్టిన పెద్ద సాఫ్ట్‌వేర్ మార్పిడిని 2018లో ఆపేసింది. అప్పటికి దాదాపు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాయని పత్రికలు రాశాయి. చిక్కు ఎక్కడంటే ప్యాకేజీ సరుకు విలువను అమ్మకం ధరతో లెక్కకట్టేది, లిడ్ల్‌కు కొన్న ధరతో లెక్కకట్టడం అలవాటు. అలవాటు మార్చుకోవడం ఇష్టంలేక ప్యాకేజీని మార్పించుకుంటూ పోయారు. సరుకు విలువ ఎలా కట్టాలన్న ఒక్క మాట ఏడేళ్ల పనిని మింగింది. ఇందులో ప్యాకేజీ తప్పెంత, పట్టుదల తప్పెంత అని తీర్పు చెప్పడం బయటివారికి కష్టమే.

ఆసుపత్రుల్లో ఇదే కథ చిన్న మోతాదులో రోజూ నడుస్తుంది. 1987లో మొదలైన హెచ్‌ఎల్7 ప్రమాణం ల్యాబ్ యంత్రాలు, బిల్లింగ్, వార్డు సాఫ్ట్‌వేర్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి పుట్టింది. దాని పాత రూపంలో సంస్థలు తమకు కావాల్సిన అదనపు సమాచారం పెట్టుకోవడానికి జెడ్ అక్షరంతో మొదలయ్యే భాగాలు ఉంటాయి. వెసులుబాటు మంచిదే. కానీ ప్రతి ఆసుపత్రీ తన జెడ్ భాగాలు తానే కనిపెట్టుకున్నాక, ఒక హెచ్‌ఎల్7 అమరిక చూసినవాడు ఆ ఒక్కదాన్నే చూసినట్టు అన్న మాట ఆ రంగంలో సామెతైపోయింది. 2014లో తొలి ముసాయిదాగా వచ్చిన ఫైర్ ప్రమాణం వెబ్ పద్ధతుల్లో దీన్ని సులువు చేసింది. దానికీ స్థానిక పొడిగింపులు అప్పుడే పుట్టుకొచ్చాయి.

తేల్చుకోవడానికి ఒక మంచి కొలత ఆ నియమం ఎవరిదని అడగడం. చట్టం చెప్పినదో, ఖగోళం చెప్పినదో అయితే దాన్ని అప్పటికే రాసి, వేలమంది పరీక్షించిన లైబ్రరీ దొరుకుతుంది. సూర్యోదయం లెక్కను మళ్లీ రాయడం డబ్బు దండగ. సంస్థ ఖాతాలన్నీ ఉండే ప్రధాన పద్దు, జనరల్ లెడ్జరూ అంతే. పాత గుమాస్తా పెట్టిన అలవాటైతే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే ముందు దాన్ని వదిలేయొచ్చేమో చూడాలి. ఆ సంస్థ ఉన్నదే ఆ నియమం కోసమైతే, షబ్బాత్ రోజు ఆర్డరు తీసుకోకపోవడం లాంటిదైతే, అక్కడ సొంత కోడ్‌కు డబ్బు పెట్టాలి.

చాలాచోట్ల అసలు సిస్టమ్ ఎక్సెల్ ఫైలే. 2020 సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా ఇంగ్లండ్‌లో 15,841 కొవిడ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి రాలేదు. ల్యాబ్‌ల నుంచి వచ్చిన ఫలితాలను 65,536 వరుసలకు మించి పట్టని పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎత్తడం వల్ల మిగతావి చడీచప్పుడు లేకుండా తెగిపోయాయి. ఎక్సెల్‌ను తిట్టడం తేలిక. ఆ ఫైలులో ఏ రంగు గడికి ఏ అర్థమో తెలిసిన మనిషి పక్కన వారం రోజులు కూర్చోకుండా కొత్త సిస్టమ్ మొదలుపెట్టేవారు మాత్రం దాన్ని తిట్టే హక్కు పోగొట్టుకున్నట్టే.

గోప్యత విషయంలో ఈ మూడు రంగాలూ ఒకదాని గుట్టు ఒకటి బయటపెడతాయి. 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న ఐరోపా డేటా చట్టం జీడీపీఆర్ తొమ్మిదో అధికరణంలో ఆరోగ్య సమాచారాన్నీ మత విశ్వాసాలనూ పక్కపక్కన పెట్టి ప్రత్యేక రక్షణ ఇచ్చింది. మామూలు కొనుగోళ్ల జాబితాకు అంత రక్షణ లేదు. కానీ చక్కెర పరీక్ష స్ట్రిప్‌లు ఎవరు కొంటున్నారు, ఉపవాస మాసంలో ఎవరి ఇంట కొనుగోళ్ల వేళలు పగటి నుంచి రాత్రికి మారుతున్నాయి అన్నవి ఆ జాబితా నుంచే తెలిసిపోతాయి. పేరు తీసేస్తే చాలనుకోవడానికీ లేదు. పుట్టిన తేదీ, లింగం, ఐదంకెల పిన్‌కోడ్ ఈ మూడూ కలిస్తే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టొచ్చని గోప్యత పరిశోధకురాలు లతాన్యా స్వీనీ 1990 జనగణన ఆధారంగా లెక్కతేల్చారు. 2020 నవంబరులో వచ్చిన ఒక పరిశోధనాత్మక కథనం ప్రకారం బాగా వాడుకలో ఉన్న ఒక నమాజు యాప్ నుంచి వెళ్లిన లొకేషన్ డేటా దళారుల చేతులు మారి అమెరికా సైన్యపు కాంట్రాక్టర్ల దాకా చేరింది.

నిజానికి ఆ యాప్‌కు లొకేషన్ బయటికి పంపాల్సిన అవసరమే లేదు. వేళల లెక్క ఫోన్‌లోనే జరిగిపోతుంది. పది కిలోమీటర్లు తూర్పుకో పడమరకో జరిగితే భూమధ్యరేఖ దగ్గర సూర్యుడి వేళల్లో వచ్చే తేడా ఇరవై రెండు సెకన్లు. ఊరి పేరు చెప్తే చాలు.

చివరికి లెక్కకు లొంగని చోటు ఒకటి మిగులుతుంది. ఇస్లామిక్ నెల 29 రోజులదా 30 రోజులదా అన్నది చాలా సమాజాల్లో నెలవంక కనిపించాకే తేలుతుంది. చంద్రుడు ఎక్కడ ఉన్నాడో సాఫ్ట్‌వేర్ సెకన్లతో సహా చెప్పగలదు, కానీ చూశామని సాక్ష్యం చెప్పాల్సింది మనుషులు, ఒప్పుకోవాల్సింది కమిటీ. అందుకే హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) తేదీ చూపించే ప్రోగ్రాములలో ఒకటి, రెండు రోజులు ముందుకో వెనక్కో జరుపుకునే సెట్టింగ్ ఉంటుంది. 2011లో ఒక బిషప్ ఆమోదంతో వచ్చిన ఐఫోన్ యాప్ క్యాథలిక్కులను పాపసంకీర్తనానికి, అంటే గురువు ముందు పాపాలు ఒప్పుకోవడానికి, సిద్ధం చేసేది. అప్పుడూ వాటికన్ ప్రతినిధి చెప్పింది ఇదే, యాప్ గురువుకు బదులు కాలేదని.

కాబట్టి 29వ రోజు సాయంత్రం ప్రకటన వచ్చాక ఎవరో ఒకరు ఆ సెట్టింగ్‌లో తేదీని ఒక్క రోజు ముందుకో వెనక్కో జరపాలి. రేపటి ప్రార్థన వేళలు, దుకాణం తెరిచే గంటలు, ఉపవాసం ఉన్న రోగుల మందుల పట్టిక అన్నీ ఆ బటన్ వెంట కదులుతాయి. ఆ రాత్రి లాగిన్ ఎవరి దగ్గర ఉంది, వాళ్లు సెలవులో ఉంటే ఎవరికి ఫోన్ చేయాలి అన్నది చాలా ఒప్పంద పత్రాల్లో కనిపించదు.